ఆముదం మసి, ఆస్థానకవి

నా జన్మలో నా పేరు గాజుపెట్టెలో లైట్ల కింద వెలిగింది ఒక్కసారే. ఉదయం పదింటికి పెట్టారు, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తీసేశారు. ఆ మూడు గంటల్లో నా పరువుతోపాటు నాలుగు తరాల పూర్వీకుల పరువు కూడా గంగలో కలిపాను. అందులో వాళ్ళ తప్పెంత, నా తప్పెంత అన్నది అంతా విన్నాక మీరే తేల్చండి. మా ఇంట్లో ఎలాగూ తేల్చేశారు.

ముందుగా మా తోడల్లుడు శేషగిరి గురించి చెప్పాలి. చెప్పకుండా దాటేయాలనే నాకు ఉంది కానీ, ఆయన లేకుండా నా జీవితంలో ఏ ప్రమాదమూ సక్రమంగా జరగదు. మా ఆవిడ సునీతకు స్వయానా అక్కగారి భర్త. నాకంటే మూడేళ్ళు పెద్ద. నాకంటే రెండేళ్ళు ముందు నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ వచ్చాడు, నాకంటే ముందు గ్రీన్‌కార్డు తెచ్చుకున్నాడు, నాకంటే ముందు ఇల్లు కొన్నాడు. ఇద్దరివీ ఒకే సబ్‌డివిజన్‌లో, అంటే ఒకే కాలనీలో, ఒకే బిల్డర్ కట్టిన ఇళ్ళే, కాకపోతే ఆయనది వీధి మూలనున్న కార్నర్ లాట్. ఆయన లాన్ పచ్చగా ఉంటుంది. నా లాన్ కూడా పచ్చగానే ఉంటుంది, కానీ అది గడ్డి కాదు, కలుపు అని సబ్‌డివిజన్ వాళ్ళు నాకు రెండుసార్లు ఉత్తరం రాశారు.

పోనీ చెడ్డవాడా అంటే, అదీ కాదు. మంచివాడు. పెరట్లో దోసకాయలు కాస్తే వీధివీధంతా పంచి, మాకు మాత్రం రెండు ఎక్కువ ఇస్తాడు. చెడ్డవాడి మీద అసూయ పడితే మనసుకు కాస్త ఊరట ఉంటుంది. మంచివాడి మీద పడితే ఆ ఊరట కూడా ఉండదు, ఆయన దోసకాయ పప్పు తింటూ ఆయన మీదే ఏడవాలి. నేను వారానికి రెండుసార్లు అలా ఏడ్చేవాణ్ణి.

రెండువేల తొమ్మిదిలో మా మామగారు వచ్చారు. రిటైరైన తెలుగు లెక్చరరు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు, మూడు నెలలు పెద్దమ్మాయి ఇంట్లో, మూడు నెలలు మా ఇంట్లో అని ముందే పంపకాలు అయిపోయాయి. మొదటి మూడు నెలలు శేషగిరికి వచ్చాయి. ఆ మూడు నెలలూ ఏ ఆదివారం వెళ్ళినా మామగారి నోట ఒకటే మాట.

"మా శేషగిరి ఉన్నాడే, వాడికి మూలాలు తెలుసు. అమెరికాలో ఉన్నా వేరు మరిచిపోలేదు."

నా వైపు తిరిగి మాత్రం, "నువ్వెలా ఉన్నావు బాబూ? ప్రాజెక్టు బాగుందా?" అనేవారు. పెద్దల్లుడికి మూలాలు, చిన్నల్లుడికి ప్రాజెక్టు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నాతో ప్రాజెక్టు దాటి రెండో మాట మాట్లాడలేదు. ఆయన నోట ఒక్కసారి, ఒకే ఒక్కసారి "మా మురళి ఉన్నాడే" అనిపించుకోవాలని నా ప్రాణం కొట్టుకునేది. నవ్వకండి. ముప్పై ఎనిమిదేళ్ళ మగవాడికి ఇలాంటి కోరికలు ఉంటాయి, బయటికి చెప్పరంతే.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం సునీత ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏమండీ, చూశారా? మన లైబ్రరీలో పాత చేతిరాతల ఎగ్జిబిషన్ పెడుతున్నారట. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న పాత ఉత్తరాలు, రాతప్రతులు తెచ్చి చూపించమన్నారట. బావగారివి తాళపత్రాలు తీసుకున్నారు. అక్క ఫోటో పంపింది."

ఫోటోలో శేషగిరి నిలబడి ఉన్నాడు. చేతిలో తాళపత్రాలు, పక్కన మామగారు. మామగారి మొహంలో ఆనందం చూస్తే, ఆ తాళపత్రాలు రాసింది శేషగిరే అనుకుంటారు ఎవరైనా. అవి వాళ్ళ ముత్తాతల నాటి వైద్యగ్రంథమట. దానికి మధ్యలో ప్రత్యేకంగా గాజుపెట్టె ఇస్తున్నారట.

నా కడుపులో మంట మొదలైంది. "తాళపత్రాలేగా, అదేం బ్రహ్మవిద్య? మా ఇంట్లోనూ ఉన్నాయి," అన్నాను.

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, దేవుడి దగ్గర!"

మా దేవుడిగది అసలు ప్యాంట్రీ. వంటింటి పక్కన సామాన్లు పెట్టుకోమని బిల్డర్ ఇచ్చిన అరలో కింద బియ్యం బస్తా, మధ్యలో దేవుళ్ళు, పైన పేపర్ టవల్స్ ఉంటాయి. ఆ పేపర్ టవల్స్ వెనకాల పట్టుగుడ్డలో చుట్టి ఒక తాళపత్రాల కట్ట ఉంది. మేము ఇల్లు కొన్నప్పుడు "సరస్వతి ఇంట్లో ఉండాలిరా" అని మా అమ్మ నా సూట్‌కేసులో పెట్టి పంపింది. మా ఇంటి ఆచారం ఏమిటంటే, ఏటా సరస్వతీపూజ నాడు ఆ కట్టను కిందికి దించడం, చెక్క అట్టకు పసుపు రాసి కుంకుమ పెట్టడం, హారతి ఇవ్వడం, మళ్ళీ పైన పెట్టేయడం. విప్పడం మాత్రం ఆచారంలో లేదు. మా నాన్న విప్పలేదు, మా తాత విప్పలేదు. ఏళ్ళ తరబడి పసుపు పేరుకుని ఆ ముడి గట్టిపడి రాయి అయింది. చదువుల తల్లిని అంత భక్తిగా, అంత దూరంగా పెట్టిన వంశం ఇంకొకటి ఉండదు.

అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, మన తాళపత్రాల్లో ఏముంది?"

"ఏముంటుందిరా, సరస్వతి!"

"అది కాదమ్మా. ఎవరు రాశారు?"

"ఏమో నాయనా. మీ నాన్నగారి ముత్తాతగారు, వెంకన్నగారని, ఆయన కాలంనుంచీ మనింట్లోనే ఉన్నాయట. ఆయన ఏదో ఆస్థానంలో కవిత్వం చెప్పేవారని మీ మేనత్త అనేది. ఆవిడ మాటలు నమ్మడానికి లేదనుకో."

ఇందులో చివరి వాక్యం నేను వినలేదు. వినిపించింది, వినలేదు.

మర్నాడే కట్ట పట్టుకుని లైబ్రరీకి వెళ్ళాను. ఎగ్జిబిషన్ చూసే ఆవిడ పేరు క్యారెన్. తెల్లజుట్టు, మెళ్ళో కళ్ళజోడు గొలుసు, చేతులకు గ్లవ్స్. పాపం, ఆవిడే ఓపిగ్గా చిన్న పనిముట్టుతో అరగంట కూర్చుని ఆ పసుపుముడి విప్పింది. మా వంశంలో ఎవరికీ చేతకాని పని నార్త్ కరోలినా ఆవిడ చేసింది. తర్వాత ఫారం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఎవరు రాశారు?"

"మా పూర్వీకుడు, గుమ్మలూరి వెంకన్న. కోర్ట్ పొయెట్."

"ఓ వావ్! ఏ రాజుగారి కోర్ట్?"

"చాలా పెద్ద రాజు," అన్నాను.

"ఇందులో ఏముంది?"

"పొయెట్రీ. ప్రేమ, ప్రకృతి, అలాంటివి." ఒక్కసారి అబద్ధం మొదలుపెట్టాక ఆగడం కష్టం. బ్రేకులు లేని సైకిలు దిగువకు పోతున్నట్టే.

క్యారెన్ ఆకులను లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది. మొహం చిన్నబుచ్చుకుంది. "కానీ ఏమీ కనిపించడం లేదే! శేషగిరిగారి ప్రతిలో అక్షరాలు ఎంత నల్లగా, అందంగా ఉన్నాయో! ఇవి ఖాళీగా ఉన్నట్టున్నాయి. సరే, పరవాలేదు, రెస్ట్‌రూమ్స్‌కి వెళ్ళే దారిలో చిన్న షెల్ఫ్ ఒకటి ఉంది…"

శేషగిరికి నడిమధ్య గాజుపెట్టె, మా ఆస్థానకవికి రెస్ట్‌రూమ్ దారి! నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. "మేడమ్, నాలుగు రోజులు టైమ్ ఇవ్వండి. అక్షరాలు తెప్పిస్తాను," అని కట్ట చంకనపెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మళ్ళీ అమ్మకు ఫోన్. ఈసారి పనికొచ్చే మాట చెప్పింది. తాటాకు మీద గంటంతో గీస్తారట. గీసిన గాట్లకు రంగు ఉండదు. దీపం మసి నూనెలో కలిపి ఆకుమీద రుద్ది, పైపైన గుడ్డతో తుడిచేస్తే, గాట్లలో మసి నిలబడి అక్షరాలు నల్లగా తేలతాయట. "ఆముదం దీపం మీద మూకుడు బోర్లించరా, కాటుక పట్టినట్టే. చిటికెడు మసి చాలు," అంది.

ఇదంతా విని సునీత ఒక్క మాటే అంది. "మసి సంగతి తర్వాత. ముందు నాన్నగారికి ఒకసారి చూపించండి. పాత లిపి ఆయన గడగడా చదువుతారు. పది నిమిషాల పని."

"వద్దు. ఆయన ఇప్పుడు వాళ్ళింట్లో ఉన్నారు. చూపిస్తే శేషగిరి అన్నయ్యకు తెలిసిపోతుంది. ఇది సర్‌ప్రైజ్."

"ఏముందో తెలియకుండా అందరిముందూ పెడతారా?"

"మన పూజ నాలుగు తరాలుగా అలా జరగడం లేదూ?" అన్నాను. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదనుకున్నాను. ఉంది, ఎగ్జిబిషన్ రోజుకు దాచిపెట్టింది.

గురువారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని, ఇండియన్ స్టోర్స్‌కి వెళ్ళి రెండు సీసాల ఆముదం తెచ్చాను. అమ్మ ఒక దీపం అంది. శేషగిరి అక్షరాలకంటే నా అక్షరాలు నల్లగా రావాలంటే ఒక దీపం ఎలా సరిపోతుంది? వంటింటి కౌంటర్ మీద పదకొండు దీపాలు వెలిగించి, పైన మూకుళ్ళూ, పాన్‌లూ, చివరికి ఇడ్లీ కుక్కర్ మూత కూడా బోర్లించాను. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్కకు కనీసం ఒక వాతతో ఆగాలని తెలుసు.

పావుగంటలో పొగ అలారం మోగింది. వంటింట్లోది మోగగానే మేడమీదిది మోగింది, దాన్ని చూసి గరాజ్ పక్కనుండేది కూడా అందుకుంది. నేను కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతున్నాను. పొగ కిటికీలోంచి వీధిలోకి పోతోంది. పక్కింటావిడ చూసి ఫోన్ చేసినట్టుంది, ఫైరింజన్ వచ్చేసింది. నిలువెత్తు మనుషులు నలుగురు హెల్మెట్లతో లోపలికి వచ్చేసరికి, నేను మొహం నిండా మసితో, చేతిలో టవల్, చంకలో తాటాకులతో కుర్చీ మీద నిలబడి ఉన్నాను.

"సర్, ఏం కాలుతోంది?"

"ఏమీ కాలడం లేదు. కల్చర్," అన్నాను.

వాళ్ళలో పెద్దాయన పదకొండు దీపాల వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఇంక ఏమీ అడగదలుచుకోలేదు. కిటికీలన్నీ తెరిచి, దీపాలన్నీ ఆర్పించి వెళ్ళిపోయారు. బయట వీధిలో మన వాళ్ళంతా చేరారు. అందరికంటే ముందు, తోటపైపు పట్టుకుని పరుగెత్తుకొచ్చినవాడు శేషగిరే. "మురళీ, ఎవరికీ ఏం కాలేదు కదా?" అంటూ వగరుస్తున్నాడు. చూశారా, నా ఇల్లు తగలబడుతుంటే కూడా మంచిపేరు ఆయనకే.

కానీ మసి మాత్రం దండిగా దొరికింది. సునీత గిన్నెలు తోముతూ నన్ను తిడుతుంటే, నేను హాల్లో కూర్చుని ఆకులు రుద్దాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణం బ్రహ్మాండంగా ఉంది. ఖాళీ ఆకు మీద మసి రుద్ది, గుడ్డతో తుడవగానే, గుండ్రని అక్షరాలు వరసలు వరసలుగా పైకి తేలాయి. ఎప్పుడో ఎవరో కూర్చుని గీసిన గీతలు. నాకు ఒళ్ళు జలదరించింది. చదవడం మాత్రం రాలేదు. పాత తెలుగు అక్షరాలు, పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేదు, తలకట్లు వేరేగా ఉన్నాయి. ఒకచోట 'క' గుర్తుపట్టి పొంగిపోయాను.

క్యారెన్‌కు కావలసినవి రెండే ఆకులు. ఎనభై ఆకుల్లోంచి ఏ రెండు? బాగా నల్లగా తేలినది ఒకటి తీశాను. రెండోదానికి కట్టలో అన్నిటికంటే అడుగున ఉన్న ఆకు తీశాను. అందులో సగమే రాత, పొట్టి పొట్టి వరసలు, రెండు పక్కలా గీసిన పువ్వులు. కవిత్వం కాకపోతే అలా పొట్టిగా ఎందుకు రాస్తారు? పువ్వులెందుకు గీస్తారు? ఆ ఆకుకు ప్రత్యేకంగా మూడుసార్లు మసి పూశాను. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేను అక్షరాలా మసే పూశాను.

క్యారెన్ చూసి చేతులు జోడించినంత పని చేసింది. "గోర్జియస్! ఇవి మధ్యలో ఉండాల్సిందే." శేషగిరి పెట్టె పక్కనే, అంతే సైజు గాజుపెట్టె నాకూ వచ్చింది. అంతే సైజా అని నేను జానతో కొలిచి చూసుకున్నాను కూడా. మా కార్డు రెండు వరసలు ఎక్కువే ఉంది. 'ఆస్థానకవి గుమ్మలూరి వెంకన్న రచించిన ప్రేమ, ప్రకృతి కవిత్వం. ఆయన మునిమనవడి కొడుకు మురళి సౌజన్యంతో' అని ఇంగ్లీషులో అచ్చువేశారు.

శనివారం ఉదయం పదిగంటలు. లైబ్రరీ హాలు నిండింది. ఒక పక్క ఎవరో జర్మన్ ముత్తవ్వ రాసుకున్న ప్రార్థనల పుస్తకం, ఇంకో పక్క ఒక రైతు కుటుంబంవాళ్ళ పాత ఉత్తరాలు, చైనా అక్షరాలు రాసిన కాగితపు చుట్ట. మధ్యలో మేము. నేను పట్టు కుర్తా వేసుకుని నా పెట్టె పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాను. వచ్చినవాళ్ళంతా ముందు శేషగిరి పెట్టె చూసి, తర్వాత నాది చూసి, "ఓ, పొయెట్రీ!" అంటున్నారు. వైద్యం ఎవడిక్కావాలి అన్నట్టు నేను శేషగిరి వైపు చూస్తున్నాను. ఆయన నాకు బొటనవేలు చూపించి నవ్వుతున్నాడు. ఆయన అసూయ పడటం లేదని నాకు మళ్ళీ అసూయగా ఉంది.

అప్పుడొచ్చారు మామగారు. పంచె, లాల్చీ, పైన శేషగిరి కొనిపెట్టిన స్వెటరు. నా కార్డు దగ్గర ఆగి మెల్లగా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

"ఇంత సాహిత్యం ఉన్న వంశమా బాబూ మీది? ఇన్నాళ్ళూ చెప్పలేదేం? ప్రాజెక్టులంటూ ఏవేవో చెప్పేవాడివి!"

చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నారు కూడా. "మా మురళి ఉన్నాడే…"

ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే క్యారెన్ వచ్చి, "సర్, మీరు తెలుగు ప్రొఫెసరట కదా! అందరికోసం కాస్త పైకి చదువుతారా? శేషగిరీ, మీరు ఇంగ్లీషులో చెప్పండి," అంది. జనమంతా మా పెట్టె చుట్టూ మూగారు. వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ క్షణంలో ఎవరైనా పొగ అలారం మోగించి ఉంటే ఎంత బాగుండేది!

మామగారు మొదటి ఆకు మీదికి వంగి, గొంతు సవరించుకుని, పద్యం ఎత్తుకోబోతున్నట్టు ఊపిరి తీసుకున్నారు.

"ఎద్దు… ఎద్దునకు… పేడ పడక కడుపు ఉబ్బిన యెడల…"

ఆగారు. నా వైపు చూశారు. మళ్ళీ వంగారు.

"…వాము, ఇంగువ, పాతబెల్లము నూరి, ఆముదముతో కలిపి, వెదురుగొట్టముతో గొంతున పోయవలెను. సాయంకాలమునకు పేడ పడును."

క్యారెన్ మెరిసే కళ్ళతో శేషగిరి వైపు తిరిగింది. శేషగిరి నా మొహం చూశాడు. పాపం, నన్ను కాపాడాలని ఆయన పడిన తాపత్రయం నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఇది… ప్రకృతి గురించి," అన్నాడు ఇంగ్లీషులో. "ప్రకృతి తన పని తాను ఎలా చేసుకుంటుందో, దాని గురించి."

"బ్యూటిఫుల్," అంది క్యారెన్.

శేషగిరి అంతటితో ఊరుకుంటే బాగుండేది, కానీ ఆయనకు అబద్ధం చేతకాదు. "అంటే, ముఖ్యంగా ఒక ఎద్దు విషయంలో," అని కలిపాడు. రైతు ఉత్తరాలు తెచ్చిన ముసలాయన ముందుకు తోసుకొచ్చి, "ఎంత మోతాదు?" అని అడిగాడు. మా వంశ సాహిత్యానికి ఆ రోజు దొరికిన అసలైన పాఠకుడు ఆయనొక్కడే.

వెనకనుంచి సునీత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుపు కాదు.

నేను వెంటనే తేరుకుని, "మామయ్యగారూ, అది కలిసిపోయిన ఆకు అయ్యుంటుంది. కవిత్వం రెండోదాంట్లో ఉంది. పువ్వులు చూడండి!" అన్నాను. నా గోతికి నేనే మెట్లు కట్టుకోవడమంటే ఇదే. ఊరుకుని ఉంటే ఎద్దుతో పోయేది.

మామగారు రెండో ఆకు మీదికి వంగారు. పెదవులతో లోపల్లోపల చదువుకున్నారు. కనుబొమలు పైకి వెళ్ళాయి. నిటారుగా లేచి అడిగారు.

"శేషగిరీ, మీ ఇంటిపేరు పెదపాటి కదూ? మీ పెద్దల్లో అచ్చయ్యగారని ఎవరైనా ఉన్నారా?"

"మా తాతగారి తాతగారండి. ఆ పక్క పెట్టెలో ఉన్నది ఆయన రాసిందే. ఏం?"

"మురళీ, మీ వెంకన్నగారిదీ వీళ్ళదీ పక్కపక్క ఊళ్ళేగా?"

"మధ్యలో కాలువ," అన్నాను. మా సంబంధాలు కుదిర్చిన పెళ్ళిళ్ళ పేరయ్య ఆ చుట్టుపక్కల ఊళ్ళు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు, అందుకే మామగారికి అల్లుళ్ళిద్దరూ ఒకే తాలూకాలో దొరికారు. ఇదంతా ఆయన ఎందుకు అడుగుతున్నారో నాకు ఇంకా తెలియలేదు.

మామగారు ఈసారి గొంతెత్తి చదివారు. లెక్చరర్ గొంతు, మైకు అవసరం లేదు.

"ఈ పశువైద్యము పెదపాటి అచ్చయ్య స్వహస్తముతో వ్రాసుకొన్నది. గుమ్మలూరి వెంకన్న నకలు వ్రాసుకొందునని బతిమాలి యెరవు పుచ్చుకొన్నాడు. శ్రావణ పౌర్ణమి లోపల తిరిగి తెచ్చి యిచ్చిన సరి. ఇయ్యని యెడల, వాని సంతతివారు నా సంతతివారిని చూచి కడుపు మండి యేడ్చుచుందురు గాక."

తెలుగువాళ్ళంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. తెలుగు రానివాళ్ళు, వాళ్ళు తిరిగారు కాబట్టి వాళ్ళూ తిరిగారు. నేను చేసేదేమీ లేక పట్టు కుర్తా గుండీలు లెక్కపెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, నిజమే. కానీ దానికంటే లోపల ఇంకో భయం పట్టుకుంది. అచ్చయ్యగారు ఎక్కడో కూర్చుని, నన్ను చూడకుండానే నా జాతకం ఒక్క వాక్యంలో రాసేశారు. పచ్చటి లాన్, కార్నర్ లాట్, గ్రీన్‌కార్డు, దోసకాయలు, అన్నీ అందులో ఉన్నాయి.

"ఏమంటోంది?" అని క్యారెన్ అడుగుతోంది. శేషగిరి తలవంచుకుని, తప్పు తనదే అయినట్టు, ఉన్నదున్నట్టు చెప్పాడు. క్యారెన్ కళ్ళజోడు పెట్టుకుని ఆకు మీదికి వంగింది.

"అంటే ఇది… రిటర్న్ చేయని లైబ్రరీ బుక్కా?"

హాలు ఘొల్లుమంది. ఆ జర్మన్ ముత్తవ్వ వారసులు నవ్వారు, చైనా చుట్టవాళ్ళు నవ్వారు. ఇన్నాళ్ళకు అన్ని జాతులవాళ్ళూ కలిసి ఒకే మాటకు నవ్వారంటే అది మా వెంకన్నగారి పుణ్యమే. సునీత అయితే గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి చెవిలో చెప్పింది.

"పెళ్ళైనప్పట్నుంచీ బావగారిని చూసి ఎందుకిలా ఏడుస్తారా అనుకునేదాన్నండీ. పాపం, మీ తప్పేం లేదు. వంశపారంపర్యం!"

నేను అక్కడికక్కడే శేషగిరి చేతులు పట్టుకున్నాను. "అన్నయ్యా, ఇది నీది. తీసేసుకో."

"ఛ, ఎందుకు మురళీ! ఇన్ని తరాలు మీ ఇంట్లో పూజలందుకుంది. మీ దగ్గరే ఉండనీ. ఎప్పుడో మాట, ఇప్పుడు ఎవరు పట్టించుకుంటారు?"

"నేను పట్టించుకుంటాను! అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు ఇలా మంచితనంతో వదిలేస్తే నేను ఇంకో నాలుగు తరాలు ఏడవాలి. నా కూతురు కూడా ఏడవాలి. తీసుకో!"

మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది, శాపం కూడా తీరనివ్వరు. చివరికి అందరూ చూస్తుండగా బతిమాలి బతిమాలి ఒప్పించాను. మా వెంకన్నగారు తెచ్చుకోవడానికి ఎంత బతిమాలారో తెలియదు, నేను ఇచ్చేయడానికి అంతకు రెట్టింపు బతిమాలాను. ఒంటిగంటకు క్యారెన్ మా కార్డు తీసేసి కొత్తది పెట్టింది. 'పశువైద్యం. పెదపాటి అచ్చయ్య. పెదపాటి కుటుంబం సౌజన్యంతో.' ఇప్పుడు మధ్యలో రెండు గాజుపెట్టెలు, రెండూ శేషగిరివే. రెండోదాని అక్షరాలే నల్లగా ఉన్నాయి. పూసింది నేను కదా.

తిరిగి వస్తుంటే మామగారు నా కారులో ఎక్కారు. ఎవరూ ఎక్కమనలేదు, ఆయనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఆయనకు నేను అబద్ధం చెప్పాను, కట్ట కూడా మాది కాదు, "మా మురళి ఉన్నాడే" అన్న వాక్యానికి ఇక మిగతా సగం ఏం వస్తుంది? రెండు సిగ్నల్స్ దాటాక ఆయనే గొంతు విప్పారు.

"బాబూ, ఒకటి ఆలోచించాను. అచ్చయ్యగారి వైద్యగ్రంథం ఉంది చూశావూ, వాళ్ళింట్లో అందరూ చదివి చదివి సగం ఆకులు విరిగిపోయాయి. మీ ఇంట్లో ఉన్నది మాత్రం ఒక్క ఆకు చెడలేదు. నిన్న గంటం దించినట్టుంది."

"అవునాండీ?" అన్నాను ఆశగా.

"నాలుగు తరాలు ఒక పుస్తకం అంత భద్రంగా ఉండాలంటే, చదువు సంగతి బొత్తిగా పట్టని ఇల్లే దొరకాలి," అన్నారు. నా మోకాలు తట్టారు. "మా మురళి ఉన్నాడే, వాడి ఇంట్లో పుస్తకం పెడితే బ్యాంకు లాకర్‌లో పెట్టినట్టే!"

వాక్యం పూర్తయింది. నేను తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన వాక్యం. అది పొగడ్తో, తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు కానీ, నేను మాత్రం పొగడ్త కిందే రాసుకున్నాను. ఆ మరుసటి వారం ఆయన మా ఇంటికి మారి, మూడు నెలలూ నాకు రోజూ పాత లిపి నేర్పారు. ఇప్పుడు 'క' తోపాటు ఇంకో పాతిక అక్షరాలు గుర్తుపడతాను.

కనుక, పాఠక మహాశయులారా, దేవుడి అరలోని బియ్యం బస్తా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. చదవని పుస్తకానికి ఇక హారతి ఇవ్వను. తెలియని పూర్వీకుడికి ఉద్యోగం ఇప్పించను. ఆముదం ముట్టుకోను. అన్నిటికంటే ముఖ్యంగా, నాకుగానీ నా సంతతికిగానీ పెదపాటివారి వస్తువు ఏదీ, సూదైనా సరే, ఎరవు తెచ్చుకునే పని లేదు. ఇచ్చేవి ఉంటే గడువులోపలే ఇచ్చేస్తాం. ఇది నా చివరి మాట.

శేషగిరి మొన్న లేక్ ఒడ్డున రెండో ఇల్లు కొన్నాడని విన్నప్పట్నుంచి కడుపులో మళ్ళీ అదే పాత మంట. కట్ట ఇచ్చేశాను కదా, ఇంకా ఎందుకు మండుతోందని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఇందాకే గరాజ్‌లో కనిపించింది, పెరటి చెక్క డెక్ కడుక్కోవడానికి పోయిన వేసవిలో ఆయన దగ్గర ఎరవు తెచ్చిన ప్రెషర్ వాషర్. ఈ ఫుల్‌స్టాప్ పెట్టి, దాన్ని కారులో ఎక్కించుకుని బయలుదేరుతున్నాను.